ఎర్రచుక్క గ్లాసు

గడ్డం గీసే కుర్చీలో పడుకున్న మనిషి పొద్దున్నే లేవడానికి ఒక పద్ధతి ఉంది. ముందు ఒక కాలు కిందికి జార్చాలి, తర్వాత రెండోది. ఆపైన కుర్చీ చేతుల్ని గట్టిగా పట్టుకుని తల, మెడ, నడుము విడివిడిగా కాకుండా మనిషి మొత్తాన్నీ ఒకే ముక్కగా పైకెత్తాలి. కర్ర బాబాయ్ ఆ పద్ధతిలోనే లేచాడు. లేచి, అద్దం కింద బల్ల అంచు పట్టుకుని, ఒళ్ళు సడలేదాకా కదలకుండా నిలబడ్డాడు.

పొద్దున పూట ఆయన ఒళ్ళు ఆయన మాట వినదు. రాత్రంతా విశ్రాంతి తీసుకున్న నడుము తెల్లారేసరికి బిగుసుకుపోతుంది. కాస్త అటూ ఇటూ తిరిగి, ఒంటిమీద వేడినీళ్ళు పోసుకుంటే గానీ దారికి రాదు. ఎవరికైనా పని చేస్తే నడుము నొప్పి వస్తుంది, ఈయనకు పని చేస్తే పోతుంది. ఇదేం విడ్డూరమో! "నీ నడుముకు కూడా ఖాళీగా కూర్చోవడం చేతకాదు బాబాయ్," అని పక్క కొట్లో తాళాలు చేసే ఆయన నవ్వుతుండేవాడు. కుర్రతనం నుంచీ ఉన్న నొప్పే అది. నిలబడి చేసే పని కదా, అందరికీ ఉండేదేలే అనుకున్నాడు. ఏళ్ళు గడిచేకొద్దీ వెన్నూ మెడా కలిసిపోయి నిలువునా ఒకటే కర్రయింది. ఎవరైనా పిలిస్తే తల తిప్పి చూడలేడు, కాళ్ళతో సహా మనిషే తిరగాలి. అందుకే వీధి మొత్తానికీ ఆయన కర్ర బాబాయ్. ఆ పేరు పెట్టినవాడికి కూడా నెలనెలా శుభ్రంగా క్రాపు చేసి పంపేవాడు తప్ప ఏనాడూ కోపం తెచ్చుకోలేదు.

నీళ్ళు కాగేలోగా అద్దంలో కన్ను చూసుకున్నాడు. ఈసారి ఎడమ కన్ను. నల్లగుడ్డు చుట్టూ ఎరుపు ఉంగరంలా కమ్ముకుని ఉంది. కిటికీ సందులోంచి పడుతున్న కాస్త వెలుతురుకే లోపల ఎవరో బొటనవేలు పెట్టి నొక్కుతున్నట్టు సలుపు. కుడి కన్ను ఎర్రగా లేదు కానీ, దానికి ఇలాంటివి చాలాసార్లు వచ్చిపోయాయి. వచ్చినప్పుడల్లా కొంత చూపు పట్టుకుపోయాయి. దాని నల్లపాప ఇప్పుడు గుండ్రంగా కూడా లేదు, అంచు కొరికిన బిళ్ళలా ఉంది. ఆ కంటితో మనుషులు ఆకారాలుగా మాత్రమే కనబడతారు. గడ్డం గీయడానికీ, చెవి పక్కన కత్తి నడపడానికీ పనికొచ్చేది ఈ ఎడమ కన్నే.

నల్లద్దాలు పెట్టుకున్నాడు. తలుపుకు బయట వేలాడుతున్న అట్టముక్క తిన్నగా ఉందో లేదో తడిమి చూశాడు. 'కళ్ళకలక. తగ్గాక తెరుస్తాం.' అంచులు నలిగిపోయిన పాత అట్ట. దాని వయసు ఆయన కూతురి వయసుకు దగ్గరగా ఉంటుంది.

షాపు కొత్తగా పెట్టిన రోజుల్లో మొదటిసారి కన్ను ఎర్రబడింది. అప్పుడే ఊళ్ళో నిజంగానే కళ్ళకలక వచ్చి ఇంటింటికీ తిరుగుతోంది. "నీ దగ్గర గడ్డం గీయించుకున్నాకే నాకొచ్చింది," అని ఒకాయన రోడ్డు మీద నిలబెట్టి అరిచాడు. మరో ఇద్దరు అవునన్నారు. ఇంట్లో పాలు తాగే పసిపిల్ల, ఆ పిల్లకూ కళ్ళు పుసులు కట్టి అంటుకుపోయాయి. తెల్లవార్లూ ఏడ్చింది. భార్య తడిగుడ్డతో పిల్ల రెప్పలు విడదీస్తుంటే చూసి ఆయన తనవల్లే అనుకున్నాడు. ఇక తన కన్ను ఎర్రబడితే ఏ ఒక్కరి దగ్గరికీ వెళ్ళనని ఆ పొద్దున్నే ఒట్టు పెట్టుకున్నాడు.

పిల్లకు తగ్గిపోయింది, మళ్ళీ ఎప్పుడూ రాలేదు. ఈయనకు మాత్రం వస్తూనే ఉంది. ఎర్రబడడం, మందుల షాపులో చుక్కలు కొనుక్కోవడం, కొన్ని వారాలకు దానంతటదే తగ్గడం. తగ్గింది కాబట్టి చుక్కలు పనిచేశాయనుకునేవాడు. కళ్ళకలకకు పెద్ద డాక్టరు దాకా ఎవరు వెళతారు! వచ్చిన ప్రతిసారీ గ్లాసు, కంచం, తువ్వాలు పట్టుకుని ఇల్లు వదిలి షాపుకొచ్చి కుర్చీలో పడుకునేవాడు. వీధంతా పిన్ని అని పిలిచే ఆయన భార్య రెండు పూటలా అన్నం డబ్బా తెచ్చి బయట స్టూలు మీద పెట్టి, ఎదురు అరుగు మీద కూర్చునేది. ఆయన గుమ్మం లోపల, ఆమె రోడ్డుకు అవతల. మధ్యలోంచి సైకిళ్ళు పోతుంటే వాటి మీదుగా ఇద్దరూ కబుర్లు చెప్పుకునేవారు. ఇంటి సంగతులన్నీ వీధికి తెలిసిపోయేవి. "మీ ఇంట్లో ఉప్పు అయిపోయిందని నాకు నిన్ననే తెలుసు," అనేవాడు తాళాలాయన.

గ్లాసులు కలిసిపోకుండా పిన్ని ఒక ఉపాయం చేసింది. ఆయన స్టీలు గ్లాసు మీద గోళ్ళరంగుతో ఒక ఎర్రచుక్క పెట్టింది. తోమగా తోమగా అది చెరిగిపోతే మళ్ళీ పెట్టేది. ఆమె గోళ్ళకు రంగు వేసుకోగా ఎవరూ చూడలేదు. ఆ సీసా ఉన్నదే ఆ చుక్క కోసం.

కూతురు వచ్చింది. అలవాటు ప్రకారం డబ్బా స్టూలు మీద పెట్టి, వెనక్కి నడిచి నిలబడింది. తల్లికి బాగాలేదని అత్తగారింటి నుంచి వచ్చి నెల దాటింది.

"అమ్మ ఎలా ఉంది తల్లీ?"

"నిద్ర లేదు నాన్నా. పడుకుంటే ఊపిరాడట్లేదు. దిండ్లకు ఆనుకుని కూర్చునే ఉంది."

"ఏమన్నా తిన్నదా?"

"ఏం తినలేదు. నిన్ను తిట్టింది."

"తిట్టిందా? అయితే పర్వాలేదు."

ఇద్దరూ నవ్వబోయారు, నవ్వు రాలేదు. పిన్ని గుండె అలిసిపోయింది. పెద్దాసుపత్రి వాళ్ళు చూడాల్సిందంతా చూసి, ఇంటికి తీసుకెళ్ళమన్నారు. ఇంకెన్నాళ్ళని అడిగితే చెప్పలేదు. చిన్న జలుబు కూడా తగలనివ్వకండి, ఆ గుండె తట్టుకోలేదు అని మాత్రం గట్టిగా చెప్పారు. ఇంటికి తెచ్చిన వారానికే ఈయన కన్ను ఎర్రబడింది. ఆ పొద్దున ఆయన గ్లాసు, కంచం, తువ్వాలు సంచిలో వేసుకుంటుంటే ఆమె మంచం మీద నుంచి చూస్తూ, "ఆగు, చుక్క చెరిగింది," అంది. కూతురి చేత సీసా తెప్పించుకుని తనే పెట్టింది. చెయ్యి వణికి అది చుక్కలా రాలేదు, పక్కకు పాకింది. అప్పటినుంచీ రోజూ సాయంత్రం ఆయన వెళ్ళి సందులో కిటికీకి దూరంగా నిలబడతాడు. ఫోన్లో మాట్లాడితే ఆమెకు ఆయాసం. కిటికీలోంచి చెయ్యి ఊపుతుంది, ఈయన ఊపుతాడు. ఆమె చివరి రోజులు అలా సందు అవతల గడిచిపోతున్నాయని ఆయనకు తెలుసు. అయినా లోపలికి అడుగు పెట్టడు. తన కంటి జబ్బు అంటుకుని ఆమె పోతే ఇక తను బతికేదెలా?

"నాన్నా, అమ్మ ఒక మాట చెప్పమంది. ఉన్నదున్నట్టు చెప్పమంది."

"చెప్పు."

"'ఇవాళ కళ్ళాసుపత్రికి వెళ్ళి, ఇంటికెప్పుడు రావచ్చో అడిగి రా. వెళ్ళకపోతే సాయంత్రానికి నేనే వచ్చి షాపులో పడుకుంటా. ఆ కుర్చీ నీ ఒక్కడి సొత్తేం కాదు.' అదీ నాన్నా."

మాటలన్నీ తల్లివే, గొంతు మాత్రం కూతురిది. బాబాయ్ నల్లద్దాలు సర్దుకున్నాడు. మనిషి పట్టుకోనిదే బాత్రూమ్ దాకా నడవలేని మనిషి, వస్తానంటోంది!

"వెళతానని చెప్పు. ఇవాళే వెళతానని చెప్పు," అన్నాడు.

తాళాలాయన తన కొట్టుకు తాళం పెట్టి మోటార్ సైకిలు తీశాడు. "ఎక్కు బాబాయ్. అద్దాలు తియ్యకు, నీ కన్ను చూస్తే సిగ్నలనుకుని బండ్లన్నీ ఆగిపోతాయి." బాబాయ్ ఎక్కడమంటే చిన్న పని కాదు. కాలు లేచినంత మేర లేపి, అరుగు మీదికెక్కి, అక్కడి నుంచి సీటు మీదికి జరిగి, చివరికి నిటారుగా కూర్చున్నాడు. గుంతలు వచ్చినప్పుడల్లా తాళాలాయన ముందే కేకేశాడు. ఆ కర్రలాంటి వెన్నుకు ప్రతి కుదుపూ తల దాకా తగులుతుందని అతనికి తెలుసు. ఏళ్ళ తరబడి స్నేహం. అయినా ఈ నల్లద్దాలు కనబడిన రోజుల్లో అతనూ టీ తెచ్చి గట్టు మీద పెట్టి పోయేవాడే తప్ప చేతికిచ్చేవాడు కాదు.

కళ్ళాసుపత్రిలో చీకటిగా ఉన్న చిన్న గది. డాక్టరమ్మ వయసు తన కూతురి కంటే తక్కువే ఉంటుంది. బల్ల మీద యంత్రం చూపించి, "గడ్డం ఇక్కడ ఆనించండి," అంది.

బాబాయ్ ప్రయత్నించాడు. గడ్డం అక్కడిదాకా వెళ్ళలేదు.

"తల కాస్త ముందుకు వంచండి."

"వంగదమ్మా."

"మెడ నొప్పా?"

"నొప్పి కాదమ్మా, అసలు మెడే లేదు. అక్కడ కర్ర ఉంది."

వెనక కూర్చున్న తాళాలాయన కిసుక్కున నవ్వాడు. డాక్టరమ్మ నవ్వలేదు. యంత్రం వెనక నుంచి లేచి వచ్చి, ఆయన్ను పక్క నుంచి చూసింది. వెన్ను మీద చేత్తో పైనుంచి కిందిదాకా నొక్కింది.

"పొద్దున లేవగానే బిగుసుకుపోయి ఉంటుందా?"

"అవునమ్మా."

"కాస్త తిరిగితే, పని చేసుకుంటే తగ్గుతుందా?"

ఈ పిల్ల తన షాపు కిటికీలోంచి రోజూ చూస్తోందా ఏంటి అనిపించిందాయనకు. "తగ్గుతుంది. నేను కంటి కోసం వచ్చానమ్మా. నడుము సంగతి తర్వాత చూసుకోవచ్చు."

"కంటి సంగతే అడుగుతున్నాను," అంది డాక్టరమ్మ.

స్టూలు ఎత్తు పెంచి, యంత్రాన్ని ముందుకు జరిపి, తాళాలాయన బాబాయ్ భుజాలు కదలకుండా పట్టుకుంటే ఎలాగో చూడగలిగింది. చాలాసేపు చూసింది. కుడి కన్ను చూస్తూ మెల్లగా నిట్టూర్చింది. నర్సు రెండు కళ్ళలోనూ ఏవో చుక్కలు వేసింది. కాసేపటికి గదిలో వస్తువులన్నీ ఆవిరి పట్టిన అద్దంలో ఉన్నట్టయ్యాయి.

"ఇది కళ్ళకలక కాదండీ," అంది డాక్టరమ్మ. "మన ఒంట్లో రోగాలను అడ్డుకునే కాపలా ఉంటుంది. మీ ఒంట్లో అది దారి తప్పింది. పరాయివాళ్ళను వదిలేసి సొంత మనిషినే కొడుతోంది. మీ వెన్నును ఇన్నేళ్ళుగా కొట్టింది అదే. అప్పుడప్పుడూ కంటి లోపల వాపు తెచ్చేదీ అదే. రెండూ ఒకటే జబ్బు. ఇలా ఎన్నిసార్లు వచ్చింది?"

"లెక్కపెట్టలేదమ్మా."

"వచ్చినప్పుడల్లా ఏం చేసేవారు?"

"షాపులో పడుకునేవాణ్ణి."

ఆమెకు అర్థం కాలేదు. "షాపులోనా? ఎందుకు?"

"ఇంట్లోవాళ్ళకు అంటుకోకుండా."

డాక్టరమ్మ రాస్తున్నది ఆపేసింది.

"ఇది అంటుకోదండీ," అంది.

"మళ్ళీ ఒక్కసారి చెప్పమ్మా."

"ఎవరికీ అంటుకోదు."

"దగ్గర కూర్చుంటే?"

"అంటుకోదు."

"ఒంట్లో బాగాలేని మనిషైతే? గుండె బాగాలేని మనిషి పక్కన..."

"పక్కన పడుకున్నా, ఒక కంచంలో తిన్నా, ఒకే తువ్వాలు వాడినా ఎవరికీ ఏమీ కాదు. ఎప్పుడూ అంటుకునేది కాదు ఇది." ఆమె గొంతు తగ్గింది. "ముందే ఒకసారి వచ్చి ఉంటే..." అని మొదలుపెట్టి, మిగతాది చెప్పకుండా చీటీ మీద రాసింది. కుడి కంట్లో పోయిన చూపు ఇక రాదని, ఎడమ కన్ను నిలబడాలంటే మెలకువగా ఉన్నంతసేపూ గంట గంటకూ చుక్కలు పడాల్సిందేనని, కీళ్ళ డాక్టరుకు కూడా చూపించుకోవాలని, మందు పూర్తయ్యే ముందు తప్పకుండా రావాలని అంతా వివరంగా చెప్పింది. తాళాలాయనే విన్నాడు. బాబాయ్ చెవిలో 'ఎప్పుడూ' అన్న ఒక్క మాటే ఆగిపోయింది.

బయటికొచ్చాక ఎండ కళ్ళలో గుచ్చుకుంది. "మీ అమ్మాయికి ఫోన్ చేస్తావా?" అన్నాడు తాళాలాయన. ఫోన్ తీసి చూస్తే అంకెలన్నీ పాకిపోయి ఉన్నాయి. "వద్దు, నేనే చెప్పాలి," అని జేబులో పెట్టుకున్నాడు. తాళాలాయన బండి తీయబోయి ఆగి, ఆయన చెయ్యి తన రెండు చేతుల్లోకి తీసుకున్నాడు. "గట్టిగా కూర్చో," అన్నాడు.

దారంతా ఆయనకు సంతోషం రావాల్సింది. ఇంటికి పోవచ్చు, ఆమె పక్కన కూర్చోవచ్చు. సంతోషం రాలేదని కాదు, వచ్చింది, కానీ దాని వెనకే మిగతావన్నీ వచ్చిపడ్డాయి. కూతురి పెళ్ళి ఫోటోలో తను ఓ చివర, అందరికీ దూరంగా, నల్లద్దాలతో నిటారుగా నిలబడి ఉన్నాడు. తెలియనివాళ్ళు చూసి ఎవరో కాపలాదారనుకుంటారు. ఆ పిల్ల బిడ్డను కన్నప్పుడు అద్దం బయటి నుంచే చూశాడు. ఇవన్నీ వద్దని ఎవరూ అనలేదు, తనే వద్దనుకున్నాడు. ప్రేమ కొద్దీ చేశాడు. ఎంత పిచ్చిపని చేశాన్రా దేవుడా అని పైకే అన్నాడు. బండి చప్పుడులో తాళాలాయనకు వినబడిందో లేదో.

షాపు దగ్గర బండి ఆపించుకుని, గ్లాసూ కంచం తువ్వాలూ సంచిలో వేసుకున్నాడు. అట్టముక్క పీకి కిందపడేశాడు.

ఇంటి గుమ్మంలోనే కూతురు చెయ్యి అడ్డం పెట్టింది. "నాన్నా, అక్కడే ఆగు. అమ్మ లోపలే..."

"అంటుకోదంట."

"ఏంటి?"

"ఇది అంటుకునేది కాదంట తల్లీ. ఎప్పుడూ కాదంట."

కూతురు నమ్మలేదు. వాకిట్లోంచి తాళాలాయన, "నిజమేనమ్మా. డాక్టరమ్మ చెప్పింది, నేను విన్నాను," అని మందుల సంచి అందించాడు. అడ్డం పెట్టిన చెయ్యి అలాగే ఉంది. తండ్రి ఆ చేతిని దాటి లోపలికి వెళుతుంటే ఆమె చటుక్కున ఆయన చొక్కా పట్టుకుంది. చిన్నప్పుడు ఈ ఎర్రకళ్ళ రోజుల్లో నాన్న దగ్గరికి పరుగెత్తి దెబ్బలు తిన్న పిల్ల అది. కాసేపు అలా పట్టుకుని వదిలేసింది.

"ఎవరది, నల్లద్దాలు పెట్టుకుని దొంగలా?" అంది లోపలి నుంచి పిన్ని. మాటకూ మాటకూ మధ్య ఊపిరి తీసుకుంటోంది.

"నేనేనే."

"నువ్వని తెలుసులే. గడప దాటొచ్చావేంటయ్యా?"

ఆయన వెళ్ళి మంచం అంచు మీద కూర్చున్నాడు. అంత దగ్గరగా కూర్చునేసరికి ఆమె దిండులోకి ఇంకా వెనక్కి జరిగింది. తన కోసం కాదు, ఆయన ఒట్టు కోసం. బాబాయ్ విషయం చెప్పాడు.

"నడుము జబ్బు కంట్లోకి వచ్చిందా? నడుమెక్కడ, కన్నెక్కడ! ఆ డాక్టరమ్మకు మతుందా?"

"నేనూ అదే అన్నాను."

ఆమెకు నవ్వొచ్చింది. నవ్వుతో పాటే దగ్గు, ఆయాసం. కూతురు పరుగెత్తుకొచ్చి వీపు రాసింది. తేరుకున్నాక ఆమె నవ్వలేదు.

"మరి పిల్ల పెళ్ళప్పుడు కూడా అంటుకునేది కాదా?"

"కాదంట."

"మనవడు పుట్టినప్పుడు?"

"కాదంట."

"నాకు ఆపరేషన్ అయినప్పుడు... ఆసుపత్రి గేటు బయట వానలో కూర్చున్నావే. నేను నర్సును పంపి గొడుగిప్పించాను. అప్పుడు?"

ఆయన ఏడ్చాడు. వెన్ను వంగని మనిషి ఏడుపు చూడలేం. ముఖం చేతుల్లో దాచుకోవడానికి కూడా వీల్లేదు, నిటారుగా కూర్చుని అందరి ఎదుటా ఏడవాలి. నల్లద్దాల కింద నుంచి నీళ్ళు గడ్డం దాకా కారాయి.

"ఎవరినీ అడగలేదే. అడగాలనే తోచలేదు."

"నేను మాత్రం అడిగానా? చుక్కలు పెట్టుకుంటూ కూర్చున్నాను." ఆమె ఆయన చెయ్యి వెతికి పట్టుకుంది. "ఇద్దరికిద్దరం సరిపోయాం."

కూతురు కిటికీ తెర వేసి, తండ్రి అద్దాలు తీసి, ఎడమ కంట్లో చుక్క వేసింది. ఫోన్లో గంట గంటకూ మోగేలా పెట్టుకుంది. పిన్ని అదంతా చూస్తూ, "మర్చిపోయావంటే ఊరుకోను. ఏ పనిలో ఉన్నా సరే, వదిలేసి వచ్చి వెయ్యాలి. ఈయనకు ఈయన వేసుకోడు," అంది. "సరేనమ్మా," అంది కూతురు. "సరే కాదు, మాటివ్వు," అంది తల్లి. కూతురు మాటిచ్చి వంటింట్లోకి వెళ్ళింది.

"ఏంటయ్యా అలా చూస్తావు?"

"కనబడట్లేదే. ఆసుపత్రిలో ఏదో మందు వేశారు. నీ ముఖమంతా మసక."

"మంచిదేలే. ఇప్పుడు చూడాల్సినంత ముఖమేం కాదు."

ఇంత దగ్గరగా రావడానికి వీలు దొరికిన రోజునే కళ్ళు మొరాయించాయి. కన్ను చిట్లించి ఎంత చూసినా ముక్కు, నోరు కలిసిపోయి ఒక తెల్లటి మరకలా ఉంది. చేత్తో తడిమాడు. నుదురు ఎముక తేలి ఉంది. చెంపలు లోపలికి పోయాయి. జుట్టు మాత్రం ఆయనకు బాగా తెలిసిన జుట్టే. కళ్ళు బాగున్న రోజుల్లో షాపు కట్టేశాక ఆమెను అదే కుర్చీలో కూర్చోబెట్టి కొసలు కత్తిరించేవాడు. ఎడమ చెవి వెనక ఒక సుడి ఉంది, అక్కడ దువ్వెన ఎప్పుడూ ఆగుతుంది.

"చిక్కులు పడింది," అన్నాడు.

"నెల్లాళ్ళుగా దిండుకే ఆనుకుని ఉన్నాగా. దువ్వరాదూ?"

దువ్వాడు. ఒక చేత్తో కుదుళ్ళ దగ్గర పట్టుకుని, నొప్పి తగలకుండా కింది నుంచి పైకి, పాయ తర్వాత పాయ. ఈ పనికి చూపు అక్కర్లేదు. ఊళ్ళో ఎవరి తల మీదా పెట్టనంత నెమ్మదిగా పెట్టాడు చెయ్యి. సుడి దగ్గర దువ్వెన ఆగింది. ఆమె కళ్ళు మూసుకుని, "అదిగో, అక్కడే," అంది.

కాసేపటికి మంచినీళ్ళడిగింది. వంటింట్లోంచి గ్లాసు తేవడానికి ఆయన లేవబోయాడు. అంత దూరం ఎందుకు, సంచిలో గ్లాసుందిగా, అందులోనే ఇవ్వమంది. అలవాటు కొద్దీ ఆయన చెయ్యి ఒక్క క్షణం సంచి మీద ఆగింది. తర్వాత ఎర్రచుక్క గ్లాసు తీసి, పక్కనున్న కూజాలోంచి నీళ్ళు వంచి, ఆమె పెదాలకు అందించాడు. రెండు గుక్కలు తాగింది.

"చూశావా, నాకేం కాలేదు," అంది పిల్లలు ఆటపట్టించినట్టు. మిగిలిన నీళ్ళతో గ్లాసును మంచం పక్క స్టూలు మీద పెట్టాడు.

"వచ్చి పడుకో. కుర్చీలో పడుకుని పడుకుని ఎంత అలిసిపోయావో నీ ముఖం చెబుతోంది."

పడుకోవడానికీ పద్ధతి ఉంది. పక్కకు ఒరిగి, మోచెయ్యి ఆనించి, కాళ్ళు పైకి తెచ్చుకుని, మెల్లగా వెల్లకిలా. తలకింద రెండు దిండ్లు కావాలి. "తలుపుచెక్క తెచ్చి పక్కన పెట్టినట్టుంది," అంది పిన్ని, దిండ్లకు ఆనుకుని కూర్చునే. ఆయన చెయ్యి తన ఒళ్ళోకి తీసుకుంది. ఇద్దరూ పైకప్పు చూస్తూ ఏవేవో అనుకున్నారు. టీ ఇకమీదట చేతికే ఇమ్మని తాళాలాయనకు చెప్పమని, రేపు షాపు తెరవొద్దని, కన్ను తగ్గేదాకా కత్తి పట్టొద్దని ఆమె చెబుతూ పోయింది. గంట గంటకూ కూతురు వచ్చి వేసిన చుక్కలకు కంటి సలుపు తగ్గింది. ఎన్నో రోజుల తర్వాత ఒళ్ళు పరుపును తాకింది. ఆమె మాటల మధ్యలోనే ఆయనకు నిద్రపట్టింది.

మెలకువ వచ్చేసరికి గదిలో పొద్దు వాలిన వెలుతురు ఉంది. నడుము, మెడ బిగుసుకుపోయి పైకప్పు తప్ప ఏమీ కనబడదు. ఆయాసం చప్పుడు లేదు. కాస్త నిద్రపట్టిందన్నమాట అని సంతోషించాడు. తర్వాత తన చేతిని పట్టుకున్న చేతిలో పట్టు లేదని తెలిసింది. అది చల్లగా ఉంది.

వేరే ఎవరైనా అయితే చటుక్కున తల తిప్పి చూస్తారు. ఆయన తిప్పలేడు. చూడాలంటే కాలు జార్చాలి, మోచెయ్యి ఆనించాలి, మనిషంతా తిరగాలి. దానికి ఆ చెయ్యి వదలాలి. ఆయన వదల్లేదు. పైకప్పు వైపు చూస్తూనే, "ఒసే," అన్నాడు. ఇంకోసారి అన్నాడు. ఆ తర్వాత పిలవలేదు. బొటనవేలితో ఆమె వేళ్ళ కణుపులు రాస్తూ పడుకున్నాడు.

ఫోన్ మోగింది. చుక్కల సీసా పట్టుకుని కూతురు లోపలికొచ్చి, తల్లిని చూసి, గుమ్మంలోనే ఆగిపోయింది. మంచం దగ్గరికొచ్చి అమ్మ బుగ్గ మీద చెయ్యి పెట్టింది. అలాగే కిందికి కూలబడి పరుపులో ముఖం దాచుకుని ఏడ్చింది. "మెల్లగా తల్లీ, మెల్లగా," అన్నాడాయన. ఎందుకు మెల్లగానో ఆయనకే తెలియదు. వంటింట్లో ఏదో మాడుతున్న వాసన వచ్చింది. ఎవరూ లేవలేదు.

ఆగిన ఫోన్ మళ్ళీ మోగింది. కూతురు ముఖం తుడుచుకుని లేచింది. సీసా మూత తీసింది.

"ఇప్పుడెందుకే!"

"అమ్మకు మాటిచ్చాను నాన్నా. కన్ను తెరువు."

తెరిచాడు. వేసిన చుక్క నిలవలేదు, నీళ్ళతో కలిసి చెంప మీదికి జారిపోయింది. కూతురు తుడిచి మళ్ళీ వేసింది. అదీ జారిపోయింది. రెప్పలు రెండు వేళ్ళతో పట్టుకుని, ఏడుస్తూనే, నిలిచేదాకా వేసింది.

స్టూలు మీద గ్లాసు ఉంది. రెండు గుక్కలు తక్కువైన నీళ్ళు అలాగే ఉన్నాయి, వణికిన చేత్తో పెట్టిన ఎర్రచుక్క పక్కకు పాకి ఉంది.